ద్రావణంలో కార్బన్ నానో పదార్థాలు – వికిరణంతో మార్పులు: నెల్లూరు తీర జలాల దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం

కార్బన్ నానో పదార్థాలను నీటిలో కలిపి, ఆ నీటిపై గామా కిరణాలను గానీ ఎలక్ట్రాన్ పుంజాన్ని గానీ ప్రసరింపజేసి వాటి ఉపరితల స్వభావాన్ని మార్చవచ్చు. ఈ పద్ధతిలో కిరణాలు కార్బన్‌ను నేరుగా మార్చడం చాలా స్వల్పం. అవి ముందుగా నీటి అణువులను విడగొడతాయి. అలా పుట్టిన అల్పాయువు గల రసాయనాలే కార్బన్‌ను మారుస్తాయి. కాబట్టి ఫలితాన్ని నిర్ణయించడంలో కిరణానికి ఎంత పాత్ర ఉందో, ద్రావణానికీ అంత పాత్ర ఉంది. ఈ సూత్రాన్ని వివరించి, స్వేదనజలంలో లభించిన ఫలితాలను నెల్లూరు తీరంలోని ఉప్పునీటికి యథాతథంగా అన్వయించడంలో ఉన్న చిక్కులను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వికిరణం, స్వేచ్ఛా ప్రాతిపదిక, గ్రాఫీన్ ఆక్సైడ్, ఆక్సీకరణం, క్షయకరణం, కైటోసాన్, నెల్లూరు తీరం, రొయ్యల సాగు.

1. ఉపోద్ఘాతం

నెల్లూరు ప్రాంతానికి నీటి నాణ్యత కొత్త సమస్య కాదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశంలో మొట్టమొదట 1937లో వెలుగులోకి వచ్చింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండే. అది మెట్ట ప్రాంతపు బాధ. తీరప్రాంతపు బాధ వేరు. 1990ల తొలి సంవత్సరాల్లో ఇక్కడ టైగర్ రొయ్యల సాగు వేగంగా విస్తరించింది. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి ఆ సాగును దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 తరువాత వనామి రకం ప్రవేశించడంతో సాగు మళ్లీ ఊపందుకుంది.

ఈ చరిత్ర అంతటిలోనూ రైతు ముందున్న ప్రశ్న ఒక్కటే: గుంటలోకి తీసుకునే నీరు ఎలాంటిది, గుంట నుండి బయటకు పోయే నీరు ఎలాంటిది? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్‌ల వాడకంపై నిషేధం ఉంది. వాటి అవశేషాలు కనబడితే విదేశీ మార్కెట్లు సరుకును తిప్పి పంపుతాయి. ఈ నేపథ్యంలో ‘నానో కార్బన్’ అన్న మాట నీటి శుద్ధికి మంత్రంలా వినిపించడం సహజం. ఆ మాట వెనుక ఉన్న శాస్త్రాన్ని, దాని పరిమితులతో సహా, తెలుగులో వివరించవలసిన అవసరం ఉంది.

2. పరిభాషకు సంబంధించిన మూడు మాటలు

విషయంలోకి వెళ్లేముందు మూడు పదాలను స్పష్టం చేసుకోవాలి.

మొదటిది ‘వికిరణం’. సామాన్య వ్యవహారంలో దీన్ని ‘రేడియోధార్మికత’తో కలిపేస్తారు. రేడియోధార్మికత పరమాణు కేంద్రకపు గుణం. వికిరణం అక్కడి నుండి గానీ, యంత్రం నుండి గానీ వెలువడే శక్తి. దీపం వెలుగు పడిన గోడ దీపంగా మారదు. అలాగే కోబాల్ట్-60 నుండి వచ్చిన గామా కిరణాలు పడిన నీరు రేడియోధార్మికం కాదు. దీనికి కారణం లెక్కలో ఉంది. కోబాల్ట్-60 గామా కిరణాల శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. నీటిలో అత్యల్పంగా ఉండే భారహైడ్రోజన్ కేంద్రకాన్ని విడగొట్టడానికే 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలకైతే అంతకంటే ఎక్కువ కావాలి. గామా కిరణం అణువులను విడగొట్టగలదు గాని ఈ కేంద్రకాలను కదపలేదు.

రెండవది ‘ద్రావణం’. ఉప్పు నీటిలో కరుగుతుంది. కార్బన్ నానో పదార్థాల్లో చాలావరకు అలా కరగవు, నీటిలో చెదిరి తేలుతుంటాయి. కచ్చితంగా చెప్పాలంటే ఇవి కొల్లాయిడ్‌లు. అయినా శాస్త్ర వ్యవహారంలో ‘ద్రావణం’ అన్న మాట స్థిరపడింది కాబట్టి ఈ వ్యాసంలో దాన్నే వాడడం జరిగింది.

మూడవది ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’. వ్యాకరణంలో ప్రాతిపదిక అంటే విభక్తి చేరని శబ్దరూపం. అది వాక్యంలో ఒంటరిగా నిలవదు, ప్రత్యయాన్ని కోరుతుంది. రసాయనశాస్త్రంలోని ప్రాతిపదికకు జంటలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అదీ ఒంటరిగా నిలవదు. ఎదురైన అణువు నుండి ఎలక్ట్రాన్‌నో, పరమాణువునో గుంజుకుంటుంది, లేదా దానితో తానే కలిసిపోతుంది. తెలుగు పాఠ్యగ్రంథాల్లో వాడుకైన ఈ పదం తెలుగు చదువుకున్నవారికి ఆ స్వభావాన్ని సులభంగా స్ఫురింపజేస్తుంది.

3. కార్బన్ నానో పదార్థాలు – నీటితో వాటి వైరం

ఆముదపు దీపంపై మూకుడు బోర్లించి పట్టిన మసితో కాటుక చేయడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న పద్ధతి. ఆ మసిలోని ప్రాథమిక కణాలు మీటరులో వంద కోట్ల వంతు, అంటే నానోమీటరు, కొలమానంలో పదుల సంఖ్యలో ఉంటాయి. మసిని నీటిలో వేస్తే కలవదు, పైన తెట్టెలా తేలుతుంది. అందుకే కాటుకను ఆముదంతోనో నెయ్యితోనో నూరుతారు. చాలా కార్బన్ నానో పదార్థాలకు మూలసమస్య ఇదే. వాటికి నూనె చుట్టం, నీరు పరాయి.

ఆధునిక కాలంలో గుర్తించిన రూపాలు కొన్ని ప్రధానమైనవి. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం అరవై కార్బన్ పరమాణువులు బంతిలా అమరిన ఫుల్లరీన్‌ను కనుగొంది. 1991లో ఇజిమా కార్బన్ నానో గొట్టాలను వివరించాడు. 2004లో గైమ్, నోవోసెలోవ్ గ్రాఫైట్ నుండి ఒక్క పరమాణువు మందం గల గ్రాఫీన్ పొరను వేరుచేశారు. అదే సంవత్సరం నానో గొట్టాలను శుద్ధి చేస్తున్న పరిశోధకులకు కాంతినిచ్చే కార్బన్ చుక్కలు అనుకోకుండా కనిపించాయి.

గ్రాఫైట్‌ను బలమైన ఆక్సీకరణులతో చర్య జరిపిస్తే గ్రాఫీన్ ఆక్సైడ్ లభిస్తుంది. దీనికి విస్తృతంగా వాడే పద్ధతిని 1958లో హమ్మర్స్ ప్రకటించాడు. గ్రాఫీన్ ఆక్సైడ్ ఉపరితలం నిండా ఆక్సిజన్ సమూహాలు ఉంటాయి కాబట్టి అది నీటిలో చక్కగా చెదురుతుంది. అయితే ఆ సమూహాల వల్లే విద్యుద్వాహకత కోల్పోతుంది. అంటే పరిశోధకుని ముందు రెండు విరుద్ధమైన పనులు ఉన్నాయి. నీటిలో కలవని కార్బన్‌కు ఆక్సిజన్ సమూహాలను తగిలించాలి, లేదా అవి ఎక్కువైన కార్బన్ నుండి వాటిని తొలగించాలి. సంప్రదాయ పద్ధతిలో మొదటి పనికి గాఢ ఆమ్లాలు, రెండవ పనికి హైడ్రజీన్ వంటి విషపదార్థాలు వాడతారు. వికిరణ పద్ధతి ఈ రెండు పనులనూ గది ఉష్ణోగ్రత వద్ద చేయగలదు.

4. కిరణం తాకేది నీటిని

ఒక లీటరు నీటిలో 100 మిల్లీగ్రాముల కార్బన్ ఉన్నదనుకుంటే, బరువులో అది పదివేలలో ఒక వంతు. గామా కిరణాల శక్తి ద్రావణంలోని పదార్థాలకు దాదాపు వాటి బరువును బట్టి పంచబడుతుంది. కాబట్టి శక్తిలో కార్బన్‌కు నేరుగా చేరేది సుమారు పదివేలవ వంతే. తక్కినదంతా నీటిదే.

నీటిలో ఆ శక్తి ఏం చేస్తుంది? గామా కిరణం నీటి అణువుల నుండి వేగవంతమైన ఎలక్ట్రాన్‌లను వెళ్లగొడుతుంది. అవి దారిలో వేలాది నీటి అణువులను అయనీకరణం చేస్తాయి. సెకనులో కోటో వంతు గడిచేసరికి ద్రావణంలో ప్రధానంగా మూడు చురుకైన రసాయనాలు మిగులుతాయి. ఒకటి హైడ్రాక్సిల్ ప్రాతిపదిక. ఇది బలమైన ఆక్సీకరణి. రెండవది జలయుత ఎలక్ట్రాన్, అంటే నీటి అణువులు చుట్టూ చేరిన ఎలక్ట్రాన్. ఇది బలమైన క్షయకరణి. దీని వర్ణపటాన్ని 1962లో హార్ట్, బోగ్ గుర్తించారు. మూడవది హైడ్రోజన్ పరమాణువు. ఇది తక్కువ మోతాదులో ఏర్పడుతుంది, ఇదీ క్షయకరణే. వీటితోపాటు కొంత హైడ్రోజన్ వాయువు, కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడతాయి.

నీరు పీల్చుకున్న ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి సుమారు 2.7 హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు, దాదాపు అన్నే జలయుత ఎలక్ట్రాన్‌లు, 0.6 వరకు హైడ్రోజన్ పరమాణువులు లభిస్తాయి. ఆక్సీకరణి, క్షయకరణి రెండూ దాదాపు సమానంగా ఒకే పాత్రలో పుట్టడం ఇక్కడి విశేషం, చిక్కు కూడా. ఈ రెంటిలో ఒకదాన్ని అణచి, మరొకదాన్ని నిలుపుకోవాలి. ఆ పని చేసేది కిరణం కాదు, ద్రావణంలో కలిపే మరో పదార్థం.

5. రెండు మార్గాలు

ఆక్సీకరణ మార్గం కావాలంటే నీటిని నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో సంతృప్తపరుస్తారు. ఆ వాయువు జలయుత ఎలక్ట్రాన్‌ను పట్టుకుని దాన్ని కూడా హైడ్రాక్సిల్ ప్రాతిపదికగా మారుస్తుంది. దానితో ఆక్సీకరణి దాదాపు రెట్టింపవుతుంది. నానో గొట్టాల గోడలకు హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ సమూహాలు చేరి, అవి నీటిలో చెదరడం మెరుగుపడుతుంది.

క్షయకరణ మార్గం కావాలంటే నీటిలో ఐసోప్రొపనాల్ వంటి ఆల్కహాల్ కలిపి, నైట్రోజన్ పంపి గాలిని వెళ్లగొడతారు. హైడ్రాక్సిల్ ప్రాతిపదిక ఆల్కహాల్ నుండి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన ఆల్కహాల్ ప్రాతిపదిక క్షయకరణిగా పనిచేస్తుంది. అంటే శత్రువును కూడా తన పక్షానికి తిప్పుకున్నట్లవుతుంది. గోధుమ వన్నెలో ఉండే గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రావణం క్రమంగా నల్లబడడం ఈ చర్యకు కంటికి కనిపించే గుర్తు. గాలిని వెళ్లగొట్టకపోతే కరిగిన ఆక్సిజన్ జలయుత ఎలక్ట్రాన్‌లను మింగేస్తుంది, క్షయకరణం కుంటుపడుతుంది.

ఈ రెండు మార్గాలకు అనుబంధంగా మరో రెండు పనులు ఉన్నాయి. ద్రావణంలో వెండి లవణం ఉంటే, దాని అయాన్‌లను జలయుత ఎలక్ట్రాన్‌లు లోహంగా మారుస్తాయి. ఆ వెండి రేణువులు గ్రాఫీన్ పొరలపై కుదురుకుంటాయి. ఇలాంటి మిశ్రమాలకు సూక్ష్మజీవులను నిరోధించే గుణం ఉంటుంది. అలాగే అక్రిలిక్ ఆమ్లం వంటి చిన్న అణువులను కలిపితే అవి కార్బన్ ఉపరితలంపై పాలిమర్ గొలుసులుగా అంటు కట్టుకుంటాయి.

6. మోతాదు: ఒక చిన్న లెక్క

వికిరణ మోతాదును గ్రేలలో కొలుస్తారు. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. మనిషి శరీరమంతటికీ ఒక్కసారిగా 4 లేదా 5 గ్రేలు సోకితే ప్రాణాపాయం. ఈ పద్ధతిలో వాడే మోతాదులు వేల గ్రేలలో ఉంటాయి. వికిరణ గదులకు మందపాటి కాంక్రీటు గోడలు ఉండడానికి కారణం అదే.

పది వేల గ్రేల మోతాదును ఉదాహరణగా తీసుకుందాం. ఆ శక్తి అంతా వేడిగా మారినా, నీటి ఉష్ణోగ్రత సుమారు 2.4 డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. అన్నం వండే నీటి వేడితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కాని అదే మోతాదులో లీటరుకు సుమారు 2.8 మిల్లీమోల్‌ల హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు పుడతాయి. నైట్రస్ ఆక్సైడ్ ఉంటే అది 5.6 మిల్లీమోల్‌ల దగ్గరకు చేరుతుంది. లీటరులో 100 మిల్లీగ్రాముల కార్బన్ అంటే 8.3 మిల్లీమోల్‌ల పరమాణువులు. ఏ ప్రాతిపదికా వృథా కాకపోతే ప్రతి మూడు కార్బన్ పరమాణువులకు రెండు ప్రాతిపదికలు అందినట్లు. ఇది ఊహలో సాధ్యమయ్యే గరిష్ఠ పరిమితి. ఆచరణలో చాలా ప్రాతిపదికలు ఒకదానితో ఒకటి కలిసి నశిస్తాయి.

మోతాదు పెరిగేకొద్దీ మేలే జరుగుతుందని అనుకోరాదు. మితిమీరితే కార్బన్ అల్లికలో లోపాలు పెరుగుతాయి, గొట్టాలు తెగుతాయి, వాహకత పడిపోతుంది. నీటిలో చెదరడం ఒక లాభం, అల్లిక చెక్కుచెదరకుండా ఉండడం మరొకటి. మోతాదు నిర్ణయం ఈ రెంటి మధ్య రాజీ.

7. తీర జలాల్లో ఈ సూత్రం

ఇంతవరకు చెప్పినదంతా స్వేదనజలానికి వర్తిస్తుంది. నెల్లూరు తీరంలోని నీరు అలాంటిది కాదు. కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకు, పెన్నా ముఖద్వారం, బకింగ్‌హామ్ కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు – వీటన్నిటిలో తీపినీరు, సముద్రపు నీరు కలుస్తుంటాయి. ఈ ప్రాంతానికి ప్రధాన వర్షాధారం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఉప్పదనం తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది. అంటే ఒకే క్రీకు నీరు ఏడాదిలో వేర్వేరు ద్రావణాలుగా మారుతుంది.

ఉప్పునీటిలో హైడ్రాక్సిల్ ప్రాతిపదికకు ఏమవుతుందో చూద్దాం. సముద్రజలంలో కిలోగ్రాముకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. అయితే క్లోరైడ్‌తో ఈ ప్రాతిపదిక కలయిక తటస్థ నీటిలో నిలవదు, వెంటనే వెనక్కి మళ్లుతుంది. అసలు అడ్డంకి పరిమాణంలో చాలా చిన్నదైన బ్రోమైడ్. అది కిలోగ్రాముకు సుమారు 67 మిల్లీగ్రాములే. కాని హైడ్రాక్సిల్ ప్రాతిపదికతో దాని చర్య ఎంత వేగవంతమంటే, సముద్రజలంలో ఆ ప్రాతిపదిక సగటున సెకనులో కోటో వంతు కాలమే బతుకుతుంది. కార్బన్ కణాలు నీటిలో దూరదూరంగా ఉంటాయి, బ్రోమైడ్ అయాన్‌లు ప్రతిచోటా ఉంటాయి. కాబట్టి చాలా ప్రాతిపదికలు కార్బన్‌ను చేరకముందే ఖర్చయిపోతాయి. వాటి స్థానంలో పుట్టే బ్రోమిన్ ప్రాతిపదికలు అంత చురుకైనవి కావు.

రొయ్యల గుంటలలో అడ్డంకులు ఇంకా పెరుగుతాయి. గుంటకు వేసే సున్నం వల్ల కార్బనేట్, బైకార్బనేట్ చేరతాయి. అవి కూడా హైడ్రాక్సిల్ ప్రాతిపదికలను తింటాయి. మేత, విసర్జనల నుండి వచ్చే నైట్రేట్ జలయుత ఎలక్ట్రాన్‌లను పట్టుకుంటుంది. అలా ఆక్సీకరణ మార్గానికి బ్రోమైడ్, కార్బనేట్, క్షయకరణ మార్గానికి నైట్రేట్, ఏరేటర్ కలిపిన ఆక్సిజన్ అడ్డుపడతాయి. పైగా ఉప్పు వల్ల కార్బన్ కణాల మధ్య విద్యుత్ వికర్షణ సన్నగిల్లుతుంది. గ్రాఫీన్ ఆక్సైడ్ ముద్దకట్టడానికి లీటరుకు కొన్ని మిల్లీమోల్‌ల కాల్షియం చాలు. సముద్రజలంలో కాల్షియం 10 మిల్లీమోల్‌లు, మెగ్నీషియం 50 మిల్లీమోల్‌ల పైచిలుకు ఉంటాయి.

దీన్నిబట్టి రెండు వేర్వేరు ప్రయోగాలను కలపకూడదని తెలుస్తుంది. కార్బన్‌ను శుద్ధజలంలో వికిరణంతో మార్చి, కడిగి, ఆపై తీర జలాలను వడకట్టడానికి వాడడం ఒకటి. ఇది సూత్రరీత్యా సాధ్యం. ఉప్పునీటిలోనే కార్బన్ కలిపి వికిరణం జరపడం మరొకటి. ఇది పై కారణాల వల్ల బలహీనం. మొదటి ప్రయోగంలో కూడా వడపోత ఫలితాన్ని స్వేదనజలంలో కాక, వేసవి, వానకాలం రెండింటి క్రీకు నీటిలో పరీక్షించాలి.

వికిరణం ఏమి చేయలేదో కూడా చెప్పుకోవాలి. యాంటీబయాటిక్, రంగు వంటి సేంద్రియ అణువులను ప్రాతిపదికలు ముక్కలు చేయగలవు. దక్షిణ కొరియాలోని డేగులో అద్దకపు పరిశ్రమల మురుగునీటిని ఎలక్ట్రాన్ పుంజంతో శుద్ధి చేసే కేంద్రాన్ని రోజుకు 10,000 ఘనమీటర్ల సామర్థ్యంతో నెలకొల్పారు. కాని ఉప్పును గానీ, మెట్ట గ్రామాలను బాధించే ఫ్లోరైడ్‌ను గానీ ఏ ప్రాతిపదికా నశింపజేయలేదు. అవి మూలకాల అయాన్‌లు. వాటిని పట్టి తీయవలసిందే గాని విడగొట్టడానికి ఏమీ లేదు.

8. స్థానిక ముడిపదార్థం

ఈ తీరంలో కార్బన్‌కు కొదవ లేదు. వరి ఊక, కొబ్బరి చిప్ప, సరుగుడు బొగ్గు అందుబాటులో ఉన్నాయి. అయితే ఈ చర్చకు అన్నిటికంటే దగ్గరది రొయ్య పొట్టు. అందులో కైటిన్, కాల్షియం కార్బనేట్, ప్రోటీన్ ఉంటాయి. ఆమ్లంతో ఖనిజాన్ని, క్షారంతో ప్రోటీన్‌ను తొలగించి, గాఢ క్షారంతో చర్య జరిపితే కైటిన్ కైటోసాన్‌గా మారుతుంది.

వికిరణానికీ కైటోసాన్‌కూ సంబంధం ఇప్పటికే ఉంది. గామా కిరణాలతో దాని పొడవైన గొలుసులు తెగి పొట్టివవుతాయి. అలా పొట్టిగా మారిన కైటోసాన్ మొక్కల ఎదుగుదలకు తోడ్పడుతుంది. ఈ దిశలో భాభా అణు పరిశోధన కేంద్రం కృషి చేసింది. కైటోసాన్‌లో నైట్రోజన్ ఉంది కాబట్టి, మూసిన పాత్రలో నీటితో 200 డిగ్రీల దరిదాపుల్లో వేడిచేస్తే నైట్రోజన్ కలిసిన కార్బన్ చుక్కలు లభిస్తాయి. మరో ఉపయోగం ఇంకా ముఖ్యమైనది. నానో కార్బన్‌ను విడిగా నీటిలో వదిలితే తిరిగి పట్టుకోవడం కష్టం. గుంటలోనో క్రీకులోనో అది కొత్త కాలుష్యం అవుతుంది. కైటోసాన్ పూసలలో దాన్ని బంధిస్తే వడపోత తర్వాత బయటకు తీయవచ్చు. సమస్య పుట్టిన పరిశ్రమ వ్యర్థమే పరిష్కారంలో ఒక భాగం కాగల అవకాశం ఇక్కడ ఉంది.

9. ఉపసంహారం

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

అ) ద్రావణంలో వికిరణ శక్తిని పీల్చుకునేది ప్రధానంగా నీరు. కార్బన్‌ను మార్చేది నీటి నుండి పుట్టిన ప్రాతిపదికలు, ఎలక్ట్రాన్‌లు.

ఆ) ఒకే కిరణంతో ఆక్సీకరణం, క్షయకరణం రెండూ సాధ్యం. ఏది జరగాలో ద్రావణంలో కలిపిన వాయువు, ఆల్కహాల్ నిర్ణయిస్తాయి.

ఇ) అదే కారణం వల్ల, ద్రావణంలో అనుకోకుండా ఉన్న బ్రోమైడ్, కార్బనేట్, నైట్రేట్, కాల్షియం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. తీర జలాలకు ఈ విషయం ప్రాణప్రదం.

ఈ) వికిరణం సేంద్రియ కాలుష్యాన్ని విడగొట్టగలదు గాని ఉప్పును, ఫ్లోరైడ్‌ను తొలగించలేదు.

నెల్లూరు తీరంలోని రొయ్యల రైతుకు ఎవరైనా నానో కార్బన్ వడపోత సాధనాన్ని చూపితే, ఆయన అడగవలసిన మొదటి ప్రశ్న దాని పేరు గురించి కాదు, ధర గురించి కూడా కాదు. దాన్ని ఏ నీటిలో పరీక్షించారన్నది. స్వేదనజలంలో అని జవాబు వస్తే, ఆ పరీక్ష ఆయన గుంట వరకు ఇంకా రాలేదని అర్థం.